పత్తి చేలకు పోయే తల్లుల పిల్లలకు బాలవాడి: ఏ సూత్రాల మీద నడపాలి?

కోసిగి సమాఖ్య

అందరికీ నమస్కారం. మాది కర్నూలు జిల్లా కోసిగి మండలంలో ఒక ఊరు. మహిళా పొదుపు సంఘాల గ్రామ సమాఖ్య లెక్కలు నేను చూస్తాను. పత్తి తీత మొదలైతే ఆటోలు తెల్లవారకముందే వచ్చి ఆడవాళ్ళను ఎక్కించుకుని పోతాయి. అంగన్‌వాడీ తలుపు తెరిచేది తొమ్మిదికి. అక్కడ రోజూ కూర్చునేది మూడేళ్ళు నిండిన పిల్లలు. అంతకంటే చిన్నవాళ్ళకు బాలామృతం అనే పోషకాహార పిండి ప్యాకెట్టు ఇంటికి ఇచ్చి పంపుతారు. ఆ పసివాళ్ళను చంకన వేసుకుని తిరిగేది నాలుగో తరగతి, ఐదో తరగతి చదవాల్సిన అక్కలు. పత్తి కాలంలో బడి హాజరు పట్టీ చూస్తే ఆ ఆడపిల్లల పేర్ల ఎదురుగా వరుసగా గైర్హాజరే.

సమాఖ్యకు ఒక గది ఉంది. ఇరవై మంది దాకా పసివాళ్ళు వస్తారు. ఒక దాత మొదటి ఏడాది ఖర్చు పెట్టుకుంటామన్నారు. కానీ ముందుగా "మీ కార్యక్రమానికి మార్గదర్శక సూత్రాలు ఏమిటో ఒక పేజీ రాసివ్వండి" అన్నారు. అప్పులు, వాయిదాలు, వడ్డీ అయితే నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఇది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. నడిపిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

రిటైర్డ్ సూపర్వైజర్, ధర్మవరం

అమ్మా, దాతకు పేజీ తరువాత రాద్దురు గాని, ముందు వేళల సంగతి తేల్చండి. తల్లి ఆటో ఎక్కే సమయానికి తలుపు తెరిచి ఉండాలి. ఆమె దిగేదాకా మూయకూడదు. ఇది కుదరకపోతే మిగతాది ఎంత చక్కగా రాసుకున్నా ఆ అక్క బడికి పోదు. కేంద్ర ప్రభుత్వ 'పాల్నా' పథకంలో శిశు సంరక్షణ కేంద్రాలకు నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు అని ఉంది. మీ పత్తి కాలానికి అది చాలదు. పది గంటలు అనుకోండి.

పది గంటలు అనుకున్న మరుక్షణం మనుషుల లెక్క వస్తుంది. పసిపిల్లల సంరక్షణ, విద్య మీద 2013లో వచ్చిన జాతీయ విధానం వెంట వచ్చిన ప్రమాణాల ప్రకారం మూడేళ్ళ లోపు పిల్లలు పది మందికి ఒకరు ఉండాలి. మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళయితే ఇరవై మందికి ఒకరు. మీకు వచ్చేది ఇరవై మంది పసివాళ్ళు కనుక ఏ వేళకు చూసినా ఇద్దరు పిల్లల దగ్గరే ఉండాలి. వంట మనిషి ఈ ఇద్దరిలో లెక్కకు రాదు. ఏడాది నిండని బిడ్డలు ఎక్కువైతే ఇద్దరూ చాలరు. ఒక చంటిబిడ్డ ఏడుపు అందుకుంటే ఒక మనిషి పూర్తిగా ఆ బిడ్డకే పోతుంది.

ఇంకొక మాట. పిల్లవాడిని ఎత్తుకునే మనిషి వారానికొకరు మారకూడదు. రెండేళ్ళ లోపు బిడ్డకు బొమ్మలకంటే, గోడమీద రంగులకంటే, తెలిసిన ముఖం ముఖ్యం. ఆ మనిషిని నిలబెట్టుకోవడం, ఆమె సమయాన్ని పిల్లలకే మిగల్చడం, ఈ రెండూ చేయగలిగితే మీరు బాలవాడిని నడిపినట్టే. నా మాటల్లో సూత్రం అనదగ్గది ఇదొక్కటే.

ఆదోని నాన్న

మేడమ్ మాటలు బాగున్నాయి గాని తల్లిదండ్రులు అడిగేది వేరు. మా పాపకు మూడున్నర. మా వీధిలో ఒక ప్లేస్కూల్లో వేశాం, ఏబీసీడీలు ఇంట్లో రాయించమని పుస్తకం ఇచ్చి పంపుతున్నారు. రాయకపోతే వెనకబడిపోతుందేమోనని భయం. ఊళ్ళో బాలవాడి పెట్టి ఆటలు ఆడిస్తామంటే "ఆట ఇంట్లోనూ ఆడతారు కదా, దానికి డబ్బెందుకు" అని అడుగుతారు. దీనికి మీ దగ్గర జవాబు ఉందా?

కడప పిల్లల డాక్టర్

జవాబు ఉంది. 1986-87లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో పేదవాడల్లో ఎదుగుదల ఆగిన పిల్లల మీద ఒక అధ్యయనం మొదలైంది. పిల్లల వయసు 9 నుంచి 24 నెలలు. ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒకసారి ఇంటికి వెళ్ళి, గంటసేపు తల్లికి బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో చూపించేవారు. బొమ్మలు ఇంట్లో దొరికే డబ్బాలతో, గుడ్డలతో చేసినవే. రెండేళ్ళు అలా చేశారు. ఇరవై ఏళ్ళ తరువాత వెతికి పట్టుకుని చూస్తే, ఆ ఆట దక్కిన పిల్లల సంపాదన దక్కనివాళ్ళకంటే సుమారు 25 శాతం ఎక్కువగా ఉంది. ఎవరూ వాళ్ళచేత మూడేళ్ళకు ఏబీసీడీలు రాయించలేదు.

మూడున్నరేళ్ళ చేతికి పెన్సిలు సరిగా పట్టుకునే కండరపటుత్వం ఇంకా పూర్తిగా రాదు. పిండి పిసకడం, పూసలు గుచ్చడం, ఇసుకలో గీయడం, ఇవే రాతకు తయారీ. మీ పాప వెనకబడదు నాన్నగారూ, నిశ్చింతగా ఉండండి.

మంత్రాలయం టీచర్

డాక్టర్ గారి మాటకు నాదొక చేర్పు. 2020 విద్యావిధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ అని చెప్పింది. 2022లో ఆ దశకు వచ్చిన పాఠ్య ప్రణాళిక కూడా ఆటనే పద్ధతిగా తీసుకుంది. కాబట్టి తల్లిదండ్రులకు "మేము చదువు మానేసి ఆడిస్తున్నాం" అని చెప్పకండి. ఏ ఆట దేనికి ఆడిస్తున్నామో నెలకొకసారి కూర్చోబెట్టి చూపించండి. ఎర్ర చింతగింజలు ఒకవైపు, నల్లవి ఒకవైపు వేరు చేయడం లెక్కలకు మొదలు. వేరుశనక్కాయలు దోసిట్లో ఎన్ని పట్టాయో చెప్పించడం, చాటలో పోసి ఏరించడం మా దగ్గర రోజూ ఉంటుంది.

ఇంకొకటి, భాష. కోసిగి వైపు కన్నడం మాట్లాడే ఇళ్ళు ఉన్నాయి. ఆదోనిలో ఉర్దూ కూడా. పిల్లలను చూసుకునే ఇద్దరిలో ఒకరికైనా ఆ ఇంటి భాష రావాలి. దాహం వేస్తోందని, కడుపు నొస్తోందని చెప్పడానికి బిడ్డకు ఇంకో భాష నేర్పే వయసు కాదది.

కడప పిల్లల డాక్టర్

టీచర్ గారూ, ఆగండి. చింతగింజలు, వేరుశనగ గింజలు మూడేళ్ళు నిండినవాళ్ళకు, అదీ పెద్దవాళ్ళ కళ్ళెదుటే. ఈ కేంద్రానికి వచ్చేది మూడేళ్ళ లోపు పిల్లలు. మన రాయలసీమలో ఏ ఇంటి మూల చూసినా శనక్కాయ గింజ దొరుకుతుంది. ఊపిరితిత్తుల గొట్టంలో గింజ ఇరుక్కుని నీలం రంగు తిరిగి వచ్చే పసివాళ్ళను చూస్తుంటాం. ఆ గదిలోకి గింజలు రానివ్వకండి. శనగ తినిపించాలంటే వేయించి మెత్తగా పొడి చేసి రాగి జావలోనో సంగటిలోనో కలపండి.

మంత్రాలయం టీచర్

నేను చెప్పింది మా పెద్దపిల్లల సంగతి. పసివాళ్ళకు గింజలు వద్దన్నది నూరుపాళ్ళు నిజం. వాళ్ళకు గిన్నెలు, మూతలు, చెక్క గరిటెలు చాలు.

ఉపాధి మేట్, నార్పల

సమాఖ్య అక్కకు ఒక సంగతి చెప్పాలి. ఉపాధి హామీ పని 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదలైంది మా మండలం బండ్లపల్లిలోనే. 2005 నాటి ఆ చట్టంలో ఏం రాశారంటే, పనిచోటుకు ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురు లేదా అంతకు మించి వస్తే, కూలికి వచ్చిన ఆడవాళ్ళలో ఒకరిని పిల్లలను చూడటానికి పెట్టాలి. ఆమెకూ మిగతావాళ్ళతో సమానంగా కూలి ఇవ్వాలి. అంటే పిల్లలను కనిపెట్టుకుని ఉండటం కూడా మట్టి తవ్వినంత పని అని చట్టమే ఒప్పుకుంది. మీరు మనుషులను పెట్టుకునేటప్పుడు "ఇంట్లో కూర్చున్నావు కదా, నాలుగు రూకలు తీసుకుని చూడు" అని ముసలమ్మలను బతిమాలుకోవద్దు. పత్తి కూలికి తగ్గకుండా ఇవ్వండి. తక్కువ ఇస్తే తీత ముమ్మరంగా ఉన్న రోజునే ఆమె కూడా ఆటో ఎక్కుతుంది. ఎందుకెక్కదు?

జమాఖర్చు

మేట్ గారి మాట మీద నిలబడి లెక్క వేయండి. నేను స్వచ్ఛంద సంస్థలకు ఆడిట్ చేసేవాడిని, సంస్థల పేర్లు చెప్పను. దాత పేజీ అడిగితే పేజీ ఇవ్వండి గాని, మీరు దాతను అడగాల్సింది రెండో ఏడాది సంగతి. ఒక్క ఏడాది డబ్బుతో కేంద్రం తెరవడం నాకైతే సమ్మతం కాదు. పిల్లలు ఆ మనుషులకు అలవాటుపడి, తల్లులు ఆ వేళలను నమ్ముకుని పని ఒప్పుకున్నాక తాళం వేస్తే, ముందున్న ఏర్పాటు కూడా పోతుంది. కనీసం మూడేళ్ళకు కాగితం మీద హామీ తీసుకోండి, లేదా మీ సమాఖ్య వడ్డీ ఆదాయంలో కొంత పక్కన పెట్టండి.

జీతాలే పెద్ద ఖర్చు అవుతాయి. అవ్వాలి కూడా. గోడలకు రంగులు, ఫ్లెక్సీలు, ప్రారంభోత్సవం ఖర్చు పైకి పోయి జీతం కిందికి పోయిన బడ్జెట్లు చాలా చూశాను. మన రాష్ట్రంలో అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు 2023 డిసెంబరులో మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేశారు. అప్పటికి టీచరుకు నెలకు 11,500, ఆయాకు 7,000 గౌరవ వేతనం. ప్రభుత్వం అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించేదాకా పోయింది. అన్ని రోజులు పిల్లలు ఎక్కడున్నారో ఆలోచిస్తే మీకే తెలుస్తుంది, వేతనం సంగతి పిల్లల సంగతే అని. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ వాళ్ళకు గ్రాట్యుటీ హక్కు ఉందని కూడా చెప్పింది.

కోసిగి సమాఖ్య

జమాఖర్చు అన్నా, మూడేళ్ళ హామీ వచ్చేదాకా ఆగితే ఇంకో మూడు పత్తి కాలాలు పోతాయి. ఆ అక్కలు ఈలోపు పెద్దమనుషులై పెళ్ళిళ్ళకు పోతారు. ఆగమంటే నాకు మనసొప్పడం లేదు.

జమాఖర్చు

అయితే చిన్నగా తెరవండి. పది మంది పిల్లలు, ఇద్దరు మనుషులు, పత్తి కాలం మట్టుకే. మిగిలిన డబ్బు రెండో కాలానికి దాచండి. "ఇది తీత అయ్యేదాకా" అని తల్లులకు మొదటి రోజే చెప్పండి. చెప్పి మూయడం వేరు, మోసగించినట్టు మూయడం వేరు.

రిటైర్డ్ సూపర్వైజర్, ధర్మవరం

ఇది మంచి మాట. పది మందినే తీసుకుంటే ఎవరిని ముందు తీసుకోవాలన్న తగవు వస్తుంది, ముందే చెబుతున్నాను. నాయకురాలి మనవడు, సర్పంచి చెల్లెలి కూతురు వరుసలో ముందు నిలబడతారు. ఏ ఇంట్లో బడి మానిన అక్క ఉందో ఆ ఇంటి బిడ్డ ముందు, ఒంటరి తల్లి బిడ్డ ముందు, బరువు తక్కువున్న బిడ్డ ముందు. ఈ వరుసను సమాఖ్య సమావేశంలో తీర్మానంగా రాసి అందరి సంతకాలూ తీసుకోండి. పిల్లల పేర్లు రాకముందే రాయాలి సుమా, వచ్చాక ఎవరూ సంతకం పెట్టరు.

కడప పిల్లల డాక్టర్

బరువు మాట వచ్చింది కనుక. మీరు ఆసుపత్రి పెట్టనక్కరలేదు. నెలకొకసారి బరువు తూచి తల్లీబిడ్డల రక్షణ కార్డులో చుక్క పెట్టండి. బిడ్డ బొద్దుగా ఉన్నాడా, సన్నగా ఉన్నాడా అన్నదానికంటే ఆ చుక్కలు కలిపిన గీత పైకి పోతోందా, అడ్డంగా పోతోందా అన్నది చూడాలి. రెండు నెలలు అడ్డంగా పోయిందంటే ఏఎన్ఎంకు చెప్పాలి. ఆరు నెలలు నిండిన పిల్లలకు జబ్బ చుట్టుకొలత టేపు కూడా వాడవచ్చు. 11.5 సెంటీమీటర్లకు తక్కువ ఉంటే తీవ్రమైన పోషణలోపం, ఆ రోజే ఆసుపత్రికి పంపాలి. 11.5 నుంచి 12.5 మధ్య ఉంటే కనిపెట్టుకుని తిండి పెంచాలి.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్‌తో పాటు జింక్ 14 రోజులు. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకు చిన్నవాళ్ళకు 10. మూడు రోజులకు తగ్గగానే తల్లులు ఆపేస్తారు, అక్కడే మీరు పట్టుబట్టాలి. తొమ్మిది నెలల తట్టు టీకా కార్డులో పడిందో లేదో చేర్చుకునే రోజునే చూడండి.

తిండి విషయంలో నాకొక పట్టుదల ఉంది. మన రాగులు గొప్పవే. వంద గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. కానీ పలచని జావ తాగించి కడుపు నింపితే బిడ్డ ఎదగదు. చెంచా నుంచి జారిపోనంత చిక్కగా ఉండాలి, నూనో నెయ్యో పడాలి, పప్పో గుడ్డో తోడవ్వాలి. పసివాడి పొట్ట చిన్నది, అందుకే రోజుకు మూడు నాలుగు సార్లు కొద్దికొద్దిగా.

అంగన్‌వాడీ టీచర్, గుంతకల్లు

అందరూ అన్నీ చెబుతున్నారు గాని ఆ ఊరి అంగన్‌వాడీ టీచరును ఎవరైనా అడిగారా? మమ్మల్ని వదిలేసి పక్కన ఇంకొకటి పెడితే మొదట జరిగేది పేర్ల గొడవ. మా దగ్గర పేరున్న పిల్లలు మీ దగ్గర కూర్చుంటే మా హాజరు పడిపోతుంది, యాప్‌లో ఫోటో సరిపోదు, సంజాయిషీ మేము రాసుకోవాలి. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ళ దాకా ప్రతి బిడ్డకూ అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా పోషకాహారం అందాలి. చట్టం వచ్చినప్పుడు రోజుకు 500 క్యాలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అని కొలత కూడా పెట్టారు. అది పిల్లల హక్కు. మీ కేంద్రం దానికి బదులు రాకూడదు, దాని మీద అదనంగా ఉండాలి. బాలామృతం తల్లికి అందనివ్వండి. వీలైతే ఆమెనే అడిగి రోజూ కొంత మీ కేంద్రానికి తెప్పించి అక్కడే కలిపి పెట్టండి, లేకపోతే ఇంట్లో అందరూ పంచుకుంటారు.

మూడేళ్ళు నిండిన రోజున బిడ్డను మా దగ్గరికి పంపండి. పంపేముందు వారం రోజులు మీ మనిషి తోడు వచ్చి కూర్చుంటే ఏడుపు ఉండదు.

కోసిగి సమాఖ్య

అక్కా, మీరు చెప్పేదాకా ఆ టీచరును కలవాలన్న ఆలోచనే మా సమావేశంలో రాలేదు. రేపే వెళ్తాను. ఇంకొక చిక్కు: సంక్రాంతి దగ్గర పడేసరికి కొన్ని కుటుంబాలు పిల్లలతో సహా గుంటూరు వైపు మిరప కోతకు పోతాయి. ఆ పిల్లల సంగతి?

అంగన్‌వాడీ టీచర్, గుంతకల్లు

పోయేముందు రక్షణ కార్డు, ఆధార్ తల్లి చేతికి ఇచ్చి పంపండి. పోషణ్ ట్రాకర్ యాప్‌లో వలస పోయినవాళ్ళను ఇంకో కేంద్రానికి మార్చే వీలుంది. ఇక్కడి టీచరు మార్చితే అక్కడి టీచరు చేర్చుకోవచ్చు. మిరప చేను దగ్గర గుడిసెల్లో ఉంటారు కనుక తల్లి తానుగా అంగన్‌వాడీ ఎక్కడుందో వెతుక్కుంటూ పోదు. మేస్త్రి ఫోను నెంబరు తీసుకుని మీరే రెండు మాటలు చెప్పాలి.

ఒక అమ్మ, ప్రొద్దుటూరు

మా అబ్బాయికి రెండేళ్ళకు మాట రాలేదు. "మగపిల్లలు ఆలస్యంగానే మాట్లాడతారు" అని అందరూ అన్నారు. మీ కేంద్రంలో మనుషులు ఆ మాట అనకూడదు, అది మాత్రం రాసుకోండి. పేరు పెట్టి పిలిస్తే చూడని బిడ్డ, ఏడాదిన్నరకూ నడవని బిడ్డ ఉంటే జిల్లా కేంద్రంలో డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదల లోపాలను ముందుగా గుర్తించి చూసే ప్రభుత్వ కేంద్రానికి పంపించాలి, ఉచితంగా చూస్తారు. అలాంటి బిడ్డలను "వీడిని మేము పట్టలేం" అని వెనక్కి పంపకండి. మా వాడిని ఒకచోట అలాగే పంపారు.

రిటైర్డ్ సూపర్వైజర్, ధర్మవరం

అమ్మ చెప్పిన రెండూ తీర్మానంలోకి ఎక్కాలి. 2013 నుంచి ఉన్న బాల ఆరోగ్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వస్తాయి. వాళ్ళు వచ్చే రోజు కనుక్కుని మీ పిల్లలనూ అక్కడికి తీసుకుపోండి.

కోసిగి సమాఖ్య

దాతకు పంపబోయే పేజీ ఇది, చదివి చెప్పండి.

"తల్లి పని వేళే కేంద్రం వేళ. పది మందితో, పత్తి కాలంతో మొదలు. ఏ వేళకైనా ఇద్దరు మనుషులు పిల్లల దగ్గర ఉంటారు, వారి కూలి ఊరి పత్తి కూలికి తగ్గదు, మధ్యలో మార్చం. ఏ బిడ్డను ముందు తీసుకోవాలో సమాఖ్య తీర్మానం చెబుతుంది, నాయకులు కాదు. ఏ లోపం ఉన్న బిడ్డనూ వెనక్కి పంపం. అంగన్‌వాడీ ఇచ్చేది అంగన్‌వాడీ ఇస్తుంది, మేము దాని పైన. నెలకు ఒకసారి బరువు. రాయించడం లేదు. ఇంటి భాషలో మాట్లాడతాం. మూసే రోజు ముందే చెబుతాం."

జమాఖర్చు

రిజిస్టర్ల మాట లేదు. హాజరు, బరువు, ఖర్చు, ఈ మూడే ఉంచండి. దాత నాలుగోది అడిగితే అది రాసే మనిషికి జీతం కూడా అడగండి. పిల్లలను చూసే ఇద్దరిచేత రాయించకండి.

ఆదోని నాన్న

"రాయించడం లేదు" అన్న ముక్క తీసేయండి అక్కా. తల్లిదండ్రులు చదివితే భయపడతారు. ఏమి చేయిస్తారో రాయండి, ఏమి చేయించరో ఎందుకు?

మంత్రాలయం టీచర్

ఉంచండి. భయపడినవాళ్ళే వచ్చి అడుగుతారు, అప్పుడే చెప్పే వీలు దొరుకుతుంది.

కడప పిల్లల డాక్టర్

గది గురించి ఒక్క ముక్కా లేదు. నీళ్ళ సంపుకు మూత ఉందా? వంట పొయ్యికీ పిల్లలకూ మధ్య తలుపు ఉందా? పత్తి మందు డబ్బాలు ఆ గదిలో ఎప్పుడైనా దాచారా?

కోసిగి సమాఖ్య

పొయ్యి బయట షెడ్డులో ఉంది. సంపుకు రేకు కప్పి ఉంది, మూత లేదు. మందు డబ్బాలు పోయిన ఏడాది దాకా అక్కడే ఉండేవి.

కడప పిల్లల డాక్టర్

రేకు పనికిరాదు, పిల్ల ఎక్కితే వంగుతుంది. సిమెంటు మూత, దానికి తాళం. గది నేల, గోడలు రెండు మూడుసార్లు సబ్బునీళ్ళతో కడిగించి, సున్నం వేయించి, తరువాతే చాపలు పరచండి. ఈ రెండు పనులూ అయ్యేదాకా పిల్లలను లోపలికి రానివ్వవద్దు, దాత ప్రారంభోత్సవానికి తేదీ పెట్టేసినా సరే.